మెడ మీద నల్ల చారలు, అలమరలో పదకొండు సీసాలు

కావలి పక్క ఊరి నుంచి ఒక కుర్రాడు ఎనిమిది పేజీల ఉత్తరం రాశాడు. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నాడు. "మా నాయన కంటే పెద్దవారు, నువ్వు అనే పిలవండి" అని మొదటి పేజీలోనే రాశాడు గనక అట్లాగే పిలుస్తాను. ముందు అతను రాసిన సంగతి.

వయసు 26. నాయనది బజారులో రెండు కుర్చీల కటింగ్ షాపు, ముప్పై ఏళ్ళ నాటిది. కుర్రాడు డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఒక పెద్ద సెలూన్లో మూడేళ్ళు పనిచేసి, తిరిగొచ్చి రెండో కుర్చీ పట్టాడు. అక్కడ ఉన్నప్పుడే చేత్తో కొద్దికొద్దిగా తయారుచేసే ఆఫ్టర్‌షేవ్‌ల మీద మోజు పడింది. "వాటిలో వాళ్ళ ఊరి వాసన ఉంటుంది, మనకెందుకు ఉండకూడదు" అనుకున్నాడు. గూడూరు నిమ్మ, వెంకటగిరి అడవుల ఎర్రచందనం, పుదీనా, లవంగం. అక్క గాజులు తాకట్టు పెట్టి 40 వేలు తెచ్చి నూనెలు, సీసాలు, లేబుళ్ళు కొన్నాడు. సర్జికల్ స్పిరిట్, పన్నీరు కలిపిన ప్రతి 100 మిల్లీలీటర్లకూ నిమ్మనూనె 60 చుక్కలు, పెప్పర్‌మెంట్ 30, లవంగనూనె 20, ఎర్రచందనం నూనె 20. ఇదీ లెక్క.

నాయన చూడనప్పుడు పన్నెండు మంది పాత బేరగాళ్ళకు రాశాడు. పదిమంది బాగుందన్నారు. ఒకాయన కళ్ళు నీళ్ళు కారాయన్నాడు. రొయ్యల గుంటల మీద కాపలా పనిచేసే మనిషి మాత్రం నాలుగో రోజు వచ్చి మెడ చూపించాడు. దవడ కింద నుంచి చొక్కా కాలరు దాకా మూడు నల్లటి చారలు. నాయన ఒక్క మాట అనకుండా సీసా తీసి కాలవలో పోశాడు. "పటిక రుద్దించుకుని ముప్పై ఏళ్ళలో ఒక్కడు నా గడప తొక్కి అడగలేదు" అన్నాడు. అంతే, ఇరవై రోజులుగా కొడుకుతో మాటల్లేవు. బెంగుళూరులో ఉండే బావేమో "ఊళ్ళో వాళ్ళకేం తెలుసు, లేబులేసి పంపు, సీసా ఆరువందలకి నేనమ్ముతా" అంటున్నాడు. అలమరలో ఇంకా పదకొండు సీసాలున్నాయి.

కుర్రాడి ప్రశ్న ఇది: "పన్నెండు మందిలో ఒక్కడికే అట్లా అయింది, అది అతని అలర్జీ. అంతా సహజమైన నూనెలే వాడాను. నా తప్పేంది? నాయన మాట విని మానేయాలా, బావ మాట విని బయటికి పోవాలా?"

*

నాయనా, నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ చారల వర్ణన. నువ్వే రాశావు చూడు, "నీళ్ళు కారిన దారుల్లా ఉన్నాయి" అని. జవాబు అందులోనే ఉంది. అలర్జీ అయితే రాసిన చోటంతా దద్దుర్లు, దురద వస్తాయి. ఇది నీ మందు దవడ మీద నుంచి ఎక్కడెక్కడ కారిందో అక్కడే, ఆ కారిన గీతలోనే వచ్చింది. అతను ఆ రోజు పొద్దున్నే గడ్డం గీయించుకుని, సాయంత్రం దాకా గుంట గట్టు మీద ఎండలో ఉన్నాడు. రెండో రోజుకి ఎర్రబడింది, నాలుగో రోజుకి నల్లబడింది. ఇది నిమ్మనూనె, ఎండ కలిసి చేసిన పని. మిగతా పదిమందిలో ఎవరెవరు నీడలో కూర్చుని పనిచేసేవాళ్ళో ఒకసారి గుర్తుచేసుకో. బ్యాంకు గుమాస్తా, కిరాణా కొట్టాయన, బడి పంతులు అయ్యుంటారు. వాళ్ళ చర్మం గట్టిదేమీ కాదు, వాళ్ళకి ఎండ తగల్లేదు, అంతే.

నిమ్మ, నారింజ జాతిలో కొన్ని కాయల తొక్కలో బెర్గాప్టెన్ లాంటి పదార్థాలుంటాయి. అవి చర్మంలోకి ఇంకినాక ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే ఆ చోటు కాలినట్టవుతుంది. ఆ తర్వాత మచ్చ పడుతుంది. మన వైద్యులకి ఇది కొత్త సంగతి కాదు. బొల్లికి బావంచాలు నూరి పూసి ఎండలో నిలబెట్టడం ఎప్పటినుంచో ఉంది కదా. బావంచాల్లో ఉండేది ఈ కుటుంబానికి చెందిన పదార్థమే. అక్కడ రంగు రావాలని పూశారు, ఇక్కడ నువ్వు తెలీక పూశావు. నిమ్మకాయలు పిండిన చేతులతో ఎండలో తిరిగినవాళ్ళకు కూడా అట్లాంటి మచ్చలొస్తాయి.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు. అరవై చుక్కలంటే మూడు మిల్లీలీటర్లు, నూటికి మూడు శాతం. నీ సీసా మీద 'కోల్డ్ ప్రెస్డ్' అని ఉందన్నావు, అంటే తొక్క పిండి తీసిన నూనె. అట్లాంటి నిమ్మనూనె ఎండ తగిలే చర్మం మీద కడగకుండా వదిలేసే సరుకులో 0.7 శాతం దాటకూడదని సుగంధ పరిశ్రమ అంతర్జాతీయ సంఘం ఇఫ్రా చెబుతోంది. నువ్వు దానికి నాలుగు రెట్లు పోశావు. బెర్గమోట్ అయితే పరిమితి ఇంకా తక్కువ, 0.4 శాతం.

అయితే నిమ్మ వాసన వదులుకోవాల్సిన పని లేదు. అదే నిమ్మనూనెని ఆవిరి పట్టి తీస్తే ఈ గొడవ ఉండదు. బెర్గాప్టెన్ లాంటివి బరువైనవి, ఆవిరితో పైకి లేవవు, అడుగునే ఉండిపోతాయి. 'డిస్టిల్డ్ లైమ్' అని అడిగి కొనుక్కో. వాసన కొంచెం మారుతుంది. చెట్టు మీది పచ్చి నిమ్మకాయ కాదు, సోడా బండి దగ్గర వచ్చే వాసన అనుకో. నాకైతే అదే బాగుంటుంది.

ఇక ఎర్రచందనం. ఇది రాయడానికి మనసొప్పడం లేదు, నువ్వు దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకున్నట్టున్నావు. ఎర్రచందనం చెట్టు మన నెల్లూరు, ప్రకాశం, కడప, చిత్తూరు కొండలది. దాని కలపకి చెప్పుకోదగ్గ వాసనంటూ లేదు. చెక్క అరగదీస్తే వచ్చేది రంగు. వాసన ఉండేది శ్రీగంధానికి, అది వేరే చెట్టు, వేరే జాతి. పేరులో చందనం ఉంది గనక జనం రెంటినీ ఒకటనుకుంటారు, అమ్మేవాళ్ళు దాన్ని వాడుకుంటారు. నీకు ఆ పేరుతో అమ్మిన సీసాలో ఏముందో చెప్పలేను గానీ, అందులోంచి మంచి గంధపు వాసన వస్తోందంటే అది ఎర్రచందనం నుంచి వచ్చింది కాదు. ఏముందో తెలియని నూనెని మొహానికి రాయకూడదు. ఆ సీసా పక్కన పెట్టేయ్.

కళ్ళు నీళ్ళు కారిన పెద్దాయన సంగతికి వద్దాం. ఇందులో విచిత్రం ఉంది. పుదీనా చర్మాన్ని చల్లబరచదు. అందులోని మెంథాల్, చర్మంలో చలిని కనిపెట్టే నరాల చివర్లను తట్టి లేపుతుంది. చెంప వేడిగానే ఉంటుంది, మెదడుకి మాత్రం చల్లగాలి తగిలిందని కబురు వెళ్తుంది. స్పిరిట్ మంట దీనికి తిరగేసిన కథ. నరాల చివర వేడిని కనిపెట్టే గ్రాహకం (రిసెప్టర్) మామూలుగా 42 డిగ్రీల దగ్గర మేలుకుంటుంది. ఆల్కహాలు తగిలితే అది 34 డిగ్రీలకే లేచి కూర్చుంటుంది. అంటే గీసిన చెంపకి తన ఒంటి వేడే మంటగా తెలుస్తుంది. మిరపకాయ కొరికితే నోరు మండేది కూడా ఈ గ్రాహకం వల్లే. వేడినీ స్పర్శనీ పసిగట్టే గ్రాహకాలు కనిపెట్టినందుకే 2021లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లకు నోబెల్ బహుమతి ఇచ్చారు. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఇట్లాంటివి వస్తే ఆగలేను, ఏమనుకోవద్దు.

ఆఫ్టర్‌షేవ్ తగిలిన మొదటి నిమిషం అంతా ఈ రెండింటి పంచాయితీయే, మంట ఒక పక్క, చలువ ఒక పక్క. నీ దాంట్లో చలువ మితిమీరింది, పెద్దాయన కళ్ళు నీళ్ళు కారింది అందుకే. పెప్పర్‌మెంట్ నూనెలో మెంథాల్ సగానికి కాస్త తక్కువే ఉంటుంది. మన దేశంలో ఎక్కువగా పండే మెంథా నూనెలో అయితే మూడొంతులు దాకా ఉంటుంది. నీకు వచ్చింది ఏదైతేనేం, ముప్పై చుక్కలు చాలా ఎక్కువ. నూనె మానేసి పుదీనా పువ్వు, అంటే మెంథాల్ పలుకులు, తూచి వెయ్యి. నూరు గ్రాములకి పదో వంతు గ్రాముతో మొదలుపెట్టు. లవంగం కూడా అంతే. అందులోని యూజినాల్ కాస్త తిమ్మిరెక్కిస్తుంది, అందుకే పంటి నొప్పికి పెడతాం. కానీ కత్తి తగిలిన చర్మం మీద అర శాతం దాటితే పడనివాళ్ళు ఉంటారు. నువ్వు ఒక శాతం పోశావు. దాల్చినచెక్క నూనె ఇంకా చెడ్డది, దాని జోలికే పోవద్దు.

"సహజమైనవే కదా" అన్నావు. దూలగొండి కూడా సహజమే.

నూనె వాసనే ఇస్తుంది, ఒంటికి ఏమీ చేయదు అనుకున్నావు, నీ అసలు పొరపాటు అక్కడే జరిగింది. సీసా మూత తీసి చూసినప్పుడు పని ముక్కుది. గీసిన చెంప మీద పోసినప్పుడు అదే చుక్క నరాన్నీ, చర్మాన్నీ, ఎండనీ కూడా పలకరిస్తుంది. ఇంకోటి, నిమ్మ, పుదీనా లాంటి తేలిక నూనెలు తొందరగా ఎగిరిపోతాయి. నీ బేరగాళ్ళు షాపు దాటి టీ కొట్టు చేరేసరికి నీ గూడూరు వాసన లేదు. పదిమందీ "బాగుంది" అన్నది కుర్చీలో కూర్చున్నప్పుడు. మధ్యాహ్నం వాళ్ళ చెంప వాసన చూశావా?

నిలబడే వాసన కావాలంటే అడుగున బరువైన నూనె ఒకటి ఉండాలి. నువ్వు మన ఊరి వాసన అన్నావు గనక చెబుతున్నాను, వట్టివేరు. నా చిన్నప్పుడు నెల్లూరులో ఎండాకాలం వరండాలకి వట్టివేళ్ళ తడికెలు కట్టి, మధ్యాహ్నం నీళ్ళు చల్లేవాళ్ళు. గాలి లోపలికొస్తే తడిమట్టి, గడ్డి, కాస్త పొగ కలిసినట్టు ఉండేది. ఆ నూనె చిక్కగా, తేనెలా కారుతుంది. దాన్ని చుక్కల్లో లెక్కపెడితే మోసపోతావు, దాని చుక్క నిమ్మ చుక్క కంటే బరువు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో రాగి డేగిశాల్లో కాచి తీసేదాన్ని రూహ్ ఖస్ అంటారు, రాగి వల్ల పచ్చగా ఉంటుంది. అది ఖరీదు, నీకు మామూలు వట్టివేరు నూనె చాలు. అడుగున అది ఉంటే పైనున్న నిమ్మ ఇంకొంచెంసేపు అంటిపెట్టుకుని ఉంటుంది. మధ్యలో లావెండర్ గానీ నిమ్మగడ్డికి చుట్టమైన పామరోసా గానీ కాస్త. నిమ్మగడ్డి మాత్రం వద్దు, దాంట్లో సిట్రాల్ ఎక్కువ, పడనివాళ్ళున్నారు.

అసలు మనం 'షాపు వాసన' అనుకునేది కూడా ఒక పాత కూర్పే. 1882లో పారిస్‌లో ఊబిగాన్ కంపెనీ ఫూజేర్ రాయాల్ అని ఒక సెంటు చేసింది. లావెండర్, ఓక్ చెట్ల మీది నాచు, ఎండుగడ్డి వాసనుండే కూమరిన్ కలిపి. గడ్డం సబ్బులూ లోషన్లూ ఎన్నో ఆ దారినే నడిచాయి. ఎక్కడో పారిస్ గడ్డి వాసన మన బజారు దాకా వచ్చిందంటే మన వట్టివేరు పోలేదా? నీ కోరికలో తప్పు లేదు.

ఒక్కటే షరతు, చుక్కలు మానెయ్. గ్రాములో నూరోవంతు చూపించే చిన్న తూకం కొను. నూనెలన్నీ కలిపి ఒకటిన్నర శాతం దాటనీకు. నీది ఆరున్నర ఉంది. ఆవిరి నిమ్మ 0.4, వట్టివేరు 0.5, లావెండర్ 0.4, పుదీనా పువ్వు 0.1. మొదలుకి ఇది చాలు, నీ ముక్కు తర్వాత సర్దుతుంది. పన్నీరు ఎక్కువై ఆల్కహాలు తగ్గితే నూనె విడిపోయి సీసా పాలలా తెల్లబడుతుంది. అట్లా తెల్లబడింది ఎవరికీ రాయకు, నూనె అంతా పైకి తేలి మొదటివాడి చెంపకే అంటుకుంటుంది. సర్జికల్ స్పిరిట్ కూడా మానేయ్. ఇంజక్షన్ ముందు తుడవడానికి ఉన్నది అది, రోజూ మొహానికి కాదు. దాన్ని తాగడానికి పనికిరాకుండా ఏం కలిపారో నీకు తెలియదు. సీసాలు అద్దం ముందు ఎండలో వరసగా పెట్టావని రాశావు. అందంగానే ఉంటుంది. కానీ నిమ్మ నూనెలు వెలుతురుకీ వేడికీ గాలికీ పాడవుతాయి. పాడైన నూనె కొత్తదాని కంటే ఎక్కువ దురద పెడుతుంది. ముదురు గోధుమరంగు సీసా, మూత తీసిన తేదీ, నీడ, ఇవి చూసుకో. చేసినదాన్ని ముందు నీ మోచేతి లోపల రాసి రెండు రోజులు చూడు, తర్వాత నీ చెంపకి. మోచేతి పరీక్ష నీడలో చేస్తే ఎండ గొడవ బయటపడదని కూడా గుర్తుంచుకో.

ఇప్పుడు నాయన సంగతి. ఆయన కోపం వాసన మీద కాదని నా అనుమానం. ఆయనకి తెలియకుండా, ఆయన కుర్చీలో, ఆయన మనుషుల మీద చేశావు. నీ ఉత్తరంలో ఆ గుంటల మనిషికి తర్వాత ఏమైందో ఒక్క ముక్క లేదు, చూసుకున్నావా? ఎనిమిది పేజీల్లో అక్క గాజులున్నాయి, బావ ఫోన్లున్నాయి, ఆయన మెడ మాత్రం మూడో పేజీలోనే ఆగిపోయింది. ముందు ఆయన దగ్గరికి వెళ్ళు. నిమ్మనూనె వల్ల అయిందని ఉన్నదున్నట్టు చెప్పు. చర్మ డాక్టరుకి చూపించు, ఖర్చు నువ్వు పెట్టు. మెడకి ఎండ తగలకుండా తువ్వాలు చుట్టుకోమను, మచ్చ పోవాలని మళ్ళీ నిమ్మకాయ రుద్దకుండా చూడు. మచ్చ వారాల నుంచి నెలలు పట్టి మెల్లగా వెలిసిపోతుంది. నాయనతో మాటలు కలవడానికి ఇంతకంటే దగ్గర దారి నాకు కనపడటం లేదు.

నాయన పటిక కూడా పూర్తిగా నిర్దోషి కాదు. ఈ మాట నువ్వనొద్దు, నేనంటాను. గాటు పడ్డ రక్తం ఆపడానికి పటిక మంచిదే. కానీ ఒకే రాయి అందరి చెంపలకీ రుద్దితే ఒకడి రక్తం ఇంకొకడికి అంటుతుంది. పొడి చేసి, దూదితో ఎవరికి వారికి వాడాలి. ఆ పని నువ్వు మొదలుపెట్టి చూడు, నాయనకి నువ్వు ఆయన పద్ధతిని తోసేస్తున్నట్టు అనిపించదు.

ఇక్కణ్ణుంచి నీకు దారులున్నాయి. షాపులో నూనెలు మానేసి పన్నీరు, గ్లిజరిన్, పటిక పొడితో సరిపెట్టుకోవచ్చు. ఇల్లు చల్లబడుతుంది, అక్క గాజులు మాత్రం కుర్చీ మీద వచ్చే రోజువారీ డబ్బులతోనే విడిపించాలి. ఏడాది పట్టొచ్చు. లేదంటే, నాయనకి చూపించి, నీ తర్వాత ఆయన చెంపకి రాసి, పైన చెప్పిన పలచటి కూర్పుని నీకోసం, ఇంట్లోవాళ్ళకోసం ఒక ఎండాకాలం, ఒక వానాకాలం వాడి చూడొచ్చు. డబ్బు రాదు, చేతికి పని వస్తుంది. నీ వయసుకి నేనైతే ఇదే చేసేవాణ్ణి.

మూడోది, అమ్మడం. అమ్మకానికి సౌందర్య సాధనాలు తయారుచేయాలంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద లైసెన్సు కావాలి. ఇంట్లో వంటగదికి అది రాదు. లైసెన్సున్న ఫ్యాక్టరీలో నీ కూర్పుని తయారుచేయించుకునే లోన్ లైసెన్సు పద్ధతి ఉంది, కానీ అక్కడ ఒకేసారి పెద్ద మొత్తం చేయించాలి, పెట్టుబడి కావాలి. అది ఇప్పుడు నీ దగ్గర లేదు. బావ చెప్పేది ఇవేవీ లేకుండా లేబులేసి అమ్మడం. సీసా మీద ఉండేది నీ ఊరి పేరు, నీ ఫోన్ నంబరు. బెంగుళూరులో ఎవరి మెడ నల్లబడినా ఫోను బావకి రాదు. బావ మంచి మనిషే అయ్యుండొచ్చు. అయినా ఆయన్ని ఒకటడుగు, లైసెన్సు ఖర్చు సగం పెట్టుకుంటావా అని. జవాబుని బట్టి నీకు తెలుస్తుంది.

చివర్లో అడిగావు, ఆ పదకొండు సీసాలు ఏం చేయాలని. అమ్మొద్దు, బంధువులకి పంచొద్దు. నీళ్ళు పోసి పలచబరిస్తే సరిపోతుందా అంటే, పోదు, నూనె విడిపోతుంది. షాపు మూసినాక కుర్చీల ఇనుప కాళ్ళూ గచ్చూ తుడవడానికి వాడుకో, చేతికి గ్లవ్స్ వేసుకో, దగ్గర్లో అగరొత్తి కూడా వెలిగించొద్దు, స్పిరిట్ అది. కావలి చుట్టుపక్కల కటింగ్ షాపుల్లో నీదొక్కటే కొన్నాళ్ళు నిమ్మతోటలా ఉంటుంది. సీసాలు కడిగి ఆరబెట్టు, మళ్ళీ పనికొస్తాయి.